జపాను రోలుకి పసుపు

"రంగూను మొత్తం మీద గోడ మీద పొద్దు పొడిపించినోడు ఒక్కడే ఉన్నాడు బావా. ఆ ఒక్కడూ నీ ఎదరే కూకున్నాడు. సరిగ్గా సూసుకో."

దలా రేవులో ఫెర్రీ ఇంకా తాడైనా విప్పలేదు, కూర్మనాథం మాత్రం తన మూట విప్పేశాడు. ఎదురు బల్ల మీదున్న గోపాలం వియ్యంకుడి ముఖంలోకి ఓసారి చూసి, నోట్లో కిళ్ళీని ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చాడు.

"పొద్దు పొడిపించడానికి నువ్వేటి, కోడిపుంజువా?"

"కోడి కూస్తాదంతే బావా. పొడిపించేవోడు వేరే ఉంటాడు."

"మరి రోజూ తూరుపునొచ్చేదెవులి పని?"

"అది దేవుడి డ్యూటీ. నా డ్యూటీ హోటల్లో."

గోపాలం రంగూనుకి నది అవతల, దలాలో కూరపాదులు పెట్టుకుని బతికే మనిషి. ఆనపపాదుతో మాట్లాడినంతగా మనుషులతో మాట్లాడడు. ఆయన కూతురు పద్మని కూర్మనాథం కొడుకు వాసుకి ఇచ్చారు. వాళ్ళ పిల్ల లక్ష్మీప్రియ. వియ్యంకులిద్దరికీ ఉన్న ఉమ్మడి ఆస్తి ఆ మనవరాలొక్కతే, ఉన్న తగువు కూడా అదొక్కటే. ఆ పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ పంపకాలు తెగడం లేదు. మంచి మార్కులొస్తే మా వైపు పోలిక, జ్వరమొస్తే మీ వైపు పోలిక. ఇప్పుడా పిల్ల చేసిన పనొకటి నది ఒడ్డున ఒక కొత్త హోటల్లో, వచ్చిన ప్రతివాడూ ఆగి చూసేలా నిలబడి ఉంది. మోకాళ్ళ నొప్పితో వానాకాలమంతా ఇల్లు కదలని గోపాలానికి అది చూపించాలని కూర్మనాథం తనే వెళ్ళి లేవదీసుకొస్తున్నాడు. దారి పొడుగునా ఊరికే కూర్చోవడం ఆయన జాతకంలో లేదు.

కూర్మనాథం మాటలు కోటలు దాటతాయని రంగూనులో ఆయనుండే పజుండౌంగ్ పేటలో అందరికీ తెలుసు. సేక్కాన్ రేవులో ఓడల సరుకుకి తాళ్ళు కట్టి పైకెత్తించే ముఠాకి మేస్త్రీగా చేసిన రోజుల్లో తానొక ఏనుగుని ఓడెక్కించాననీ, తాను కట్టిన తాళ్ళ ఊపుకి దానికి నిద్రపట్టి గాలిలోనే గురకపెట్టిందనీ ఆయన చెప్తుంటాడు. ఏ ఓడ అని అడిగితే పేరు చెప్తాడు. ఏ ఏనుగని అడిగితే దాని పేరూ చెప్తాడు.

"సెప్పు మరి," అన్నాడు గోపాలం. "అవతలి గట్టు వచ్చీదాకా ఇనాలి గదా."

నది మధ్య కెరటాలకి ఫెర్రీ ఊగుతుంటే, పిట్టగుడ్లమ్ముకునే అమ్మాయిని కాళ్ళకడ్డం రాకుండా పంపించేసి, కూర్మనాథం చెప్పుకొచ్చిన కథ ఇది.

పజుండౌంగ్‌లో డా సాన్ యీ అనే పెద్దావిడకి జపాను పాత సామాన్ల కొట్టుంది. జపాను ఇళ్ళలో ముసలివాళ్ళు పోయాక మిగిలినవన్నీ కంటైనర్లలో ఓడెక్కి రంగూనుకి దిగుతాయి. పింగాణీ ప్లేట్లు, ఫ్యాన్లు, సైకిళ్ళు, పిల్లల కుర్చీలు. దించినవి దించినట్టే జనం ఎగరేసుకుపోతారు. కానీ ప్రతి కంటైనరు అడుగునా ఎవరికీ అక్కర్లేని సామాను కొంత మిగులుతుంది. మూత లేని ఇనుప కెటిలు, పొయ్యి మీద కుండని వేలాడదీసే కొక్కెం, దానికి అడ్డంగా బిగించిన చెక్క చేప, పువ్వులూ తాబేళ్ళూ చెక్కిన మిఠాయి అచ్చులు, నూలు చుట్టుకునే రాట్నంలాంటిదొకటి. ఇనుము పాత ఇనుములోకి, చెక్క పక్క వీధి టీకొట్టు పొయ్యిలోకి పోయేవి.

కాలేజీలు మూతబడ్డ ఏడాది చదువాగిపోయి, లక్ష్మీప్రియ ఆ కొట్లో ప్లేట్లు తుడిచే పనిలో చేరింది. ప్లేట్లు తుడుస్తూ తుడుస్తూ ఆ పొయ్యిలోకి పోయే సామాన్ని చూస్తూ ఉండేది. ఒకరోజు ఆ చెక్క చేపని తీసుకెళ్ళి ఖాళీగా ఉన్న వెనకగది గోడకి, చుట్టూ ఏమీ లేకుండా, ఒక్కదాన్నే వేలాడదీసింది. పొగకి నల్లబడి, చేతులకి నునుపెక్కిన ఆ చేప, ఎన్నో ఏళ్ళు కట్టెల పొయ్యి మీద ఈదిన చేప, ఆ తెల్లగోడ మీద నిజంగానే ఈదుతున్నట్టు కనిపించింది. తరవాత అచ్చులని ఇనపకడ్డీల మీద నిలబెట్టింది. కెటిలుని దాని సైజుకి మించిన ఎత్తు బల్ల మీద పెట్టింది.

"ఏటే ఇది? సామాను సర్దడమా, దేవుడి గదా?" అని కూర్మనాథం అడిగితే, "ఇంత దగ్గరదగ్గరగా కుక్కితే ఏదైనా చెత్తలాగే ఉంటది తాతా. చుట్టూ జాగా ఒదిలితే చాలు," అంది.

డా సాన్ యీ ఆ గదిని చూసి నవ్వింది, తరవాత మెడ గీరుకుంది, ఆ తరవాత ఒక మాట చెప్పింది. "నది ఒడ్డు హోటల్నుంచి ఒకావిడ రేపొస్తోంది. లాబీలోకి బొమ్మల్లాంటివేవో కావాలిట. నీ సామాను ఆవిడకి నచ్చిందా, ఈ గది నీది, నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో. నచ్చలేదా, చెక్కంతా పొయ్యిలోకి, నువ్వు ప్లేట్ల దగ్గరికి."

అన్నిట్లోకీ పెద్దది రోలు. చెట్టు మొదల్ని తొలిచి చేసిన కర్రరోలు, మనిషి నడుమెత్తు ఉంటుంది. జపానువాళ్ళు అందులో వేడి అన్నం దంచి పిండివంట చేసుకుంటారుట. దాన్ని అడ్డంగా, నోరు గుమ్మం వైపుండేలా, ఇనుప స్టాండు మీద పడుకోబెట్టాలని పిల్ల ఆలోచన. గదిలోకి అడుగుపెట్టగానే ఆ నున్నటి గుంత కళ్ళపడాలి. కానీ దాన్ని కదపడం ఎవరి తరం?

"తాతా, నువ్వొస్తావా?" అని ఫోను చేసింది.

వస్తావా అంటే ఏమిటి? కూర్మనాథం పాత ముఠాలోంచి ఇద్దరిని, తాళ్ళూ కప్పీలూ సహా, సైకాల మీద, అంటే అక్కడి సైకిలు రిక్షాల మీద, ఎక్కించుకుని పెళ్ళికొడుకులాగా దిగాడు. దూలానికి కప్పీ తగిలించి, రోలు నడుముకి ఉరితాడు పడకుండా మెత్తగా కట్టి, పసిపిల్లని ఉయ్యాల్లో వేసినట్టు దించాడు. దించుతూ దించుతూ కొట్లో కొనడానికొచ్చినవాళ్ళకి ఆ రోలు చరిత్ర కూడా చెప్పాడు. జపానులో ఒక అత్తగారు కోడలి మీద కోపమొచ్చినప్పుడల్లా ఇందులో వడగళ్ళు దంచేదనీ, ఆ చలువకే కర్ర ఇలా పగిలిందనీ. జనం నోళ్ళు తెరుచుకుని విన్నారు.

లక్ష్మీప్రియ ముఖం ఎర్రబడింది. "తాతా, రేపావిడ ముందర నీ కతలొద్దు. ప్లీజ్. ఆవిడకి నిజాలు కావాల. తెలీకపోతే తెలీదని సెప్పాల."

"తెలీదనా? నేనా?" అన్నాడు కూర్మనాథం. అంత నీచానికి దిగమని ఆయన్ని అంతవరకూ ఎవరూ అడగలేదు.

ముఠావాళ్ళు వెళ్ళిపోయారు. పిల్ల బల్బులు కొనడానికి బజారుకి బయల్దేరింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "నేనొచ్చేదాకా దీన్ని ఎవరూ ముట్టకూడదు. నువ్వు కూడా," అంది.

"నాను ముడతానేటి?"

ఇక్కడ గోపాలం కథకి అడ్డొచ్చాడు. "ముట్టీసినావు."

"సెప్పనీ బావా."

సింహాచలమ్మ అన్నం క్యారియరు పట్టుకుని వచ్చింది. కూర్మనాథం భార్య, మాటకి ముందు చెయ్యి కదిలే మనిషి. గుమ్మంలో అడుగుపెట్టి ఆ గుంతని చూసిందో లేదో క్యారియరు కింద పెట్టేసింది.

"ఒలమ్మ! రోలుని తొంగోబెట్టీసినారేటి?"

"అది రోలు కాదే. బొమ్మ. హోటలోళ్ళకి చూపించడానికి."

"దంచిన గుంత ఎదురుగా అవుపడతంటే కాదంటావేటి? రేపు మన గుంటకి పెద్ద దినం. మనింట ఏ పెళ్ళి పనైనా రోలుకి పసుపు రాయకుండా మొదలెట్టినామా? నీ కొడుకు పెళ్ళికి పసుపు దంచినామా, నేదా? మొహానికి బొట్టైనా నేకుండా దీన్నిలాగ వీధిగుమ్మానికి సూపిస్తే శుబం జరుగుతాదేటి?"

కూర్మనాథం ఆలోచించాడు. ఆయనకి ఆలోచన అంటే ఒప్పుకునే ముందు గొంతు సవరించుకోవడం. పిల్ల ముట్టొద్దంది నిజమే. కానీ పిల్ల కోసమే కదా. రంగూనులో పుట్టి పెరిగిన గుంట, రోలంటే మిక్సీకి పూర్వజన్మ అనుకుంటుంది, దానికేం తెలుసు? పక్క కొట్లోంచి పసుపు తనే తెచ్చాడు, నీళ్ళు తనే పోసి కలిపాడు.

సింహాచలమ్మ వేలితో నాలుగు బొట్లు పెట్టి చాలంది. అక్కడ ఆగి ఉంటే ఈ కథే లేదు. కూర్మనాథానికి చిన్నగా చేయడం చేతకాదు. కథలో అత్తగారు వడగళ్ళు దంచాల్సిందే, ఏనుగు గురక పెట్టాల్సిందే. రోలంటే నోరంతా పసుపుండాలి, పెళ్ళిలోలాగా ఉండాలి అంటూ గిన్నెలో చెయ్యి ముంచి అంచు చుట్టూ, ఆ ఊపులో గుంత లోపలికి కూడా పట్టించేశాడు.

ఎన్నాళ్ళగానో ఎండి ఉన్న ఆ కర్ర, దాహంతో ఉన్న పశువు కుడితి తాగినట్టు, పసుపు నీళ్ళు తాగేసింది.

ముందు బాగానే ఉంది. కాసేపయ్యాక ఒక పక్క చిక్కగా, ఒక పక్క పలచగా, అంచు మీంచి చారలు కారి, ఎవరో పిల్లాడు పప్పన్నం తిని మూతి తుడుచుకోనట్టు తయారైంది. తుడిస్తే పోలేదు. తడిగుడ్డతో తుడిస్తే పాకింది. కూర్మనాథం కొట్టు వెనక ప్లేట్లు తోముకునే సబ్బుంటే తెచ్చి, గట్టిగా నురగొచ్చేదాకా రుద్దాడు.

పసుపు కాస్తా ఎర్రగా అయిపోయింది.

"ఓరి నీ తెలివి తెల్లారా!" అంది సింహాచలమ్మ. "సబ్బేస్తావేటి? పసుపు మీద సున్నమేసినట్టు పారాణైపోనాది గదా!"

సరిగ్గా అప్పుడే బల్బుల సంచీతో లక్ష్మీప్రియ గుమ్మంలో నిలబడి ఉంది.

అరిచి ఉంటే బాగుండేది. అరుపులకి కూర్మనాథం దగ్గర జవాబులుంటాయి. పిల్ల రోలు దగ్గరకొచ్చి, ఎర్రగా నురగలు కక్కుతున్న ఆ నోట్లోకి చూసి, సంచీ కింద పెట్టి, గోడ వైపు తిరిగి స్టూలు మీద కూర్చుంది.

"నిన్ను ముట్టొద్దన్నాను కదా తాతా."

నాను ముట్టనేదమ్మా, పసుపు ముట్టింది అనే చమత్కారమొకటి కూర్మనాథం నాలిక చివరిదాకా వచ్చింది. ఆ నాలిక చివరికొచ్చిన మాట వెనక్కెళ్ళడం అదే మొదటిసారి. తేలు కుట్టిన దొంగలాగా మూల నిలబడ్డాడు. వీధిలో వాన మొదలైంది. టీకొట్టువాడు రేపటి కట్టెల కోసం ఇటే చూస్తున్నట్టు ఆయనకి అనిపించింది.

సింహాచలమ్మ మాత్రం నిలబడలేదు. "రోట్లో తల పెట్టినాక రోకటి పోటుకి బెదిరితే ఎలగ? నిమ్మకాయ తే," అని మొగుణ్ణి వీధిలోకి తరిమింది. కోసిన నిమ్మచెక్కలు పెట్టి రుద్దేసరికి ఎరుపు విరిగి మళ్ళీ పసుపు తేలింది. ఎలాగూ పోదని తేలాక, మిగిలిన పొడిపసుపు అరచేత్తో తీసుకుని, చారలు కనపడకుండా గుంతంతా ఒక్క తీరుగా, గడపకి రాసినట్టు రాసేసింది. అందులో పాడుచేసే ఉద్దేశం లేదు, బాగుచేసే ఆశా లేదు. వంకరగా ఉన్న పసుపుని ఆవిడ చూస్తూ ఊరుకోలేదు, అంతే.

లక్ష్మీప్రియ కళ్ళు తుడుచుకుని, చేసే పని చెయ్యాలి కదా అని బల్బులు పరీక్షించడం మొదలుపెట్టింది. అవి చార్జింగు బల్బులు. రంగూనులో పుట్టిన పిల్ల కరెంటుని నమ్ముతుందా? ఒకటి వెలిగించింది. చేతిలో ఇంకొకటుంది, పెట్టడానికి చోటు లేక వెలుగుతున్నదాన్ని రోలు గుంతలో పెట్టింది.

సింహాచలమ్మ ఎదురుగా వంగి ఉంది. ఆవిడ ముఖం మీద, ముడతల మీద, నెరిసిన పాపిడి మీద, ఒక్కసారిగా పెళ్ళికూతురు రంగు పడింది.

"నాన్నమ్మా, కదలకు," అంది పిల్ల.

లేచి నిలబడింది. రోలుని చూసింది, నాన్నమ్మని చూసింది, వెనక తెల్లగా సున్నం వేసిన గోడని చూసింది. ఆ చూపు కూర్మనాథానికి తెలుసు. ఓడ మీంచి పెద్దపెట్టె దిగేముందు, ఏ తాడు ఎక్కడ పడాలో తనకి ముందే కనపడేది, అప్పుడు తన కళ్ళు కూడా అలాగే ఉండేవని ముఠావాళ్ళు చెప్పేవారు.

"తాతా, తాళ్ళు కట్టు. దీన్ని తిప్పాల. నోరు గోడకి."

"నోరు గోడకి తిప్పితే గుంత అవుపడదు గదమ్మా."

"అవుపడక్కర్లేదు."

వెళ్ళిపోయిన ముఠాని మళ్ళీ పిలిచాడు. వానలో తడుస్తూ వచ్చారు. చీకటి పడేలోపు రోలు తిరిగింది. జానెడు ఎడంలో గోడ, గోడ వైపు నోరు, నోట్లో బల్బు. గుమ్మంలోంచి చూస్తే రోలు అడుగు మాత్రమే, బాడిశ గాట్లతో, నల్లగా, గుండ్రంగా. అడ్డంగా పాకిన బీటని ఎవరో జపాను వడ్రంగి సీతాకోకచిలకల్లాంటి చెక్కబిళ్ళలు పొదిగి పట్టి ఉంచాడు. ఆ నల్లటి గుండ్రం చుట్టూ గోడ మీద పసుపు వెలుగు విచ్చుకుంది. కొండ వెనక పొద్దు పొడుస్తున్నట్టే ఉంది.

సింహాచలమ్మ పసుపు చేతులతోనే దణ్ణం పెట్టింది. కూర్మనాథం కూడా.

మర్నాడు హోటలావిడ వచ్చే వేళకి వాన, వానతోపాటే కరెంటు పోవడం. డా సాన్ యీ జనరేటరు దగ్గరికి పరుగెత్తింది. అది ఆ రోజే మొరాయించింది. ముందువైపు కొట్టంతా చీకటి. పింగాణీ ప్లేట్ల మధ్యలోంచి చేతులు చాచుకుంటూ నడిచొచ్చిన ఆవిడ వెనకగది గుమ్మంలో ఆగిపోయింది. ఆ చీకట్లో వెలుగుతున్నది అదొక్కటే. పక్కన చెక్కచేప నీడ ఆ పసుపులో ఈదుతోంది. మిఠాయి అచ్చుల్లో చెక్కిన పువ్వుల అంచులు బంగారంలాగా మెరుస్తున్నాయి.

ఆవిడ అలాగే చూసి చూసి, పగోడా మెట్ల దగ్గర విప్పినట్టు కాళ్ళకున్న చెప్పులు విప్పి, వొట్టి పాదాలతో గదిలోకి అడుగుపెట్టింది.

"చెప్పులిప్పిందా!" అన్నాడు గోపాలం. కిళ్ళీ నమలడం ఆగిపోయింది.

"మరేటనుకున్నావు."

ఆవిడకి మొదట ఎదురుపడింది గుమ్మం పక్క స్టూలు మీద, నోరు కుట్టేసుకుని కూర్చున్న ముసలాయన. "పెద్దాయనా, ఈ వెలుగుకి ఆ రంగెలా వచ్చింది? ఆ వస్తువు కథేమిటి?" అని బర్మా భాషలో అడిగింది.

కథేమిటి! పిల్లి ముందు పాలగిన్నె పెట్టి రుచెలా ఉందని అడిగినట్టు. అత్తగారు, వడగళ్ళు, అన్నీ కూర్మనాథం గొంతులోకి వరసకట్టి వచ్చేశాయి. అప్పుడు మనవరాలి ముఖం కనిపించింది. ఆ పిల్ల వద్దని సైగైనా చెయ్యలేదు. చేతులు రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి, అంతే. ఆ గది, ఆ చేప, ఆ పొద్దు, అన్నీ ఆ చేతుల మధ్యే ఉన్నాయి.

"కత నాకు తెలీదమ్మా," అన్నాడు. "రోలని తెలుసు. మాలో శుబానికి రోలుకి పసుపు రాస్తాం. నాను రాసి పాడుచేసినాను. నా ఆడమనిషి సరిచేసింది. పాడైన దాన్ని ఇలాగ నిలబెట్టింది మాత్రం ఆ గుంట. అది మా మనవరాలు."

చివరి ముక్క అవసరం లేదు. అయినా అదొక్కటీ ఆపుకోలేకపోయాడు.

హోటలావిడ పిల్ల వైపు తిరిగింది. "ఇంత మంచి రంగు లోపల పెట్టుకుని, దీన్ని గోడ వైపెందుకు తిప్పావు?"

లక్ష్మీప్రియ రోలు అడుగున ఉన్న బీటని వేలితో చూపించింది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. "దీంట్లో దంచినవాళ్ళందరూ దీని లోపలే చూశారు. వంటింట్లో దీని అడుగెవరూ చూడలేదు. ఎంత బరువు మోసిందో, ఎక్కడ పగిలిందో, ఎవరు అతికారో, అదంతా అడుగునే ఉంది. అందుకని అది ముందుకి పెట్టాను. లోపలున్నది ఎలాగూ బయటికి వస్తుంది."

ఆవిడ మిగతా గదంతా తిరిగి చూసింది. తిరిగొచ్చి, అన్నీ కావాలంది. సామాను ఒక్కటే కాదు, వాటిని నిలబెట్టడానికి ఈ పిల్లే రావాలంది. డా సాన్ యీ ఆ సాయంత్రమే వెనకగది తాళంచెవి తెచ్చి లక్ష్మీప్రియ చేతిలో పెట్టి, "యబాడే, యబాడే, పర్లేదు, ప్లేట్లకి ఇంకొకళ్ళని చూసుకుంటా," అంది.

ఫెర్రీ పన్సోడాన్ రేవుకి రాసుకుని ఆగింది. జనం లేచారు. గోపాలం లేవలేదు.

"అయితే పొద్దు పొడిపించింది నువ్వు కాదన్నమాట."

"నానెక్కడ పొడిపించగలను బావా?" అన్నాడు కూర్మనాథం హాయిగా. "నాను సేసింది రాత్రి. రాత్రంటూ ఒకటి నేకపోతే పొద్దెక్కడ్నుంచి పొడుస్తాది సెప్పు?"

"సబ్బేసి మరీ సేసినావు రాత్రి."

"సేసిన పని బాగా సెయ్యాల."

సైకా ఎక్కి హోటలుకెళ్తూ, గోపాలం దారిలోనే మనవరాలి వాటా లెక్క తేల్చుకున్నాడు. దిగేటప్పుడు చెప్పాడు కూడా: "గుంట అరవకుండా మాట ఆపుకోడం నా వైపు పోలికే. మీ వంశంలో నేదు."

"ఒప్పుకున్నాను పో."

హోటలు తలుపు దగ్గర కాపలా కుర్రాడు కూర్మనాథాన్ని చూసి నమస్కారం పెట్టాడు. ఎందుకు పెట్టడు? పసుపుకి వెలుగు తగిలితే రంగు వెలుస్తుంది. వెలిసినప్పుడల్లా హోటలువాళ్ళు సింహాచలమ్మకి ఫోను చేస్తారు. ఆవిడ పట్టుచీర కట్టుకుని, గిన్నె పట్టుకుని, లిఫ్టువాడు తలుపు తెరిచి పట్టుకుంటే వచ్చి, అందరూ చూస్తుండగా రోలుకి పసుపు రాసి వెళ్తుంది. నిమ్మకాయల సంచీ మోసేది కూర్మనాథం. ఆ సంచీ మోయడంలో ఉన్న దర్జా, మేస్త్రీగా ముఠాని నడిపించినప్పుడు కూడా ఆయనకి లేదు.

లాబీ చల్లగా ఉంది. చివరి గోడ మీద పొద్దు పొడుస్తోంది. నల్లటి రోలు, చుట్టూ పసుపు వెలుగు. కింద ఇత్తడి రేకు మీద బర్మా అక్షరాల్లో మనవరాలి పేరు చెక్కి ఉంది. పెట్టెలు లాగుకుంటూ వెళ్తున్న ప్రయాణికులు అక్కడికొచ్చేసరికి నడక తగ్గించి, మాట తగ్గించి, మళ్ళీ కదులుతున్నారు. లక్ష్మీప్రియ ఇద్దరు తాతలనీ చూసి అటునుంచి గబగబా వస్తోంది.

గోపాలం ఆ పేరు కూడబలుక్కుని చదివాడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి. పాదులో మొదటి పిందె చూసినప్పుడు కూడా ఆయన ముఖం అలా విచ్చుకోవడం కూర్మనాథం ఎరగడు. తరవాత ఆ ముసలాయన మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా, నొప్పికి పళ్ళు బిగించి, కిందికి వంగాడు.

"ఏటి తాతా, ఏటి పడింది?" అంది లక్ష్మీప్రియ దగ్గరకొచ్చి.

"పడనేదమ్మా. చెప్పులిప్పుతున్నాను. హోటలావిడంతటావిడే ఇప్పినప్పుడు, తాతనైన నాను తొడుక్కుని నిలబడతానేటి?"

పిల్ల కూర్మనాథం వైపు తిరిగింది. "ఆవిడ చెప్పులిప్పిందా? ఎప్పుడు?"

కూర్మనాథం మీసం సవరించుకున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. పారిపోవడానికి లాబీ పెద్దదే గానీ వియ్యంకుడి మోకాళ్ళు చూస్తే మనసొప్పలేదు.

"బావా, నెగు. తొడుక్కో. అదొక్కటీ నాను కలిపినాను."

"అంటే ఇప్పనేదా?"

"నేదు. ఎత్తుమడమల చెప్పులు బావా, చీలమండకి పట్టీలూ, బకిల్సూనూ. ఇప్పాలంటే కూకోవాల. ఆవిడ అలాగే నడిచొచ్చీసింది. ఇంత బాగా నిలబెట్టింది మన గుంట, ఆవిడ ఇప్పనేదేటి అని నాకే కట్టంగా ఉండి, కతలో నానే ఇప్పించినాను. మిగతాదంతా నిజం. సబ్బుతో సహా."